ఏడు చొక్కాల ఆదివారం

నేను ఒక స్ప్రే సీసాను. నీలం ప్లాస్టిక్ ఒళ్ళు, తెల్ల మూతి, మూతి కింద నొక్కడానికి ఒక మీట. అంతే. నన్ను చూసి మీరెవరూ ముచ్చటపడరని నాకు తెలుసు. పాత నాణెమైతే కళ్ళకద్దుకుంటారు, తాతగారి గడియారమైతే గోడకెక్కిస్తారు, నా కథ వినమంటే మాత్రం మొహం తిప్పుకుంటారు. తిప్పుకోండి. మిమ్మల్ని మెప్పించడానికి నేను నోరు విప్పలేదు. మనుషుల మీద నాకు ఒళ్ళు మంటగా ఉంది, అందుకని చెబుతున్నాను.

పుట్టింది ఏదో ఫ్యాక్టరీలో. కరిగిన ప్లాస్టిక్‌ని అచ్చులో బిగించి లోపలికి గాలి ఊదితే నా కడుపు ఏర్పడింది. నేను నేర్చుకున్న విద్య ఒక్కటే. మీట నొక్కితే కడుపులో నీళ్ళు గొంతులోకి ఎక్కాలి, మూతి దగ్గర సన్నటి తుంపరగా విడిపోవాలి. ఆ విద్యకో శాపం కూడా ఉంది. నొక్కే వేలు లేకపోతే నేను వట్టి చెంబుని. నిండుకుండ తొణకదని మీరు మెచ్చుకుంటారు కదా, తొణకలేకపోవడమే నా ఖర్మ.

మొదట నేను చేరింది కాకినాడ జగన్నాథపురంలో నూకరాజు సెలూన్‌కి. నూకరాజు నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. మునిసిపాలిటీని తిట్టేవాడు, బావమరిదిని తిట్టేవాడు, ఎండని తిట్టేవాడు, తిడుతూనే నన్నెత్తి ఎదుటివాడి తల మీద నీళ్ళు కొట్టేవాడు. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే నన్ను కడిగి, మంచినీళ్ళు నింపి, అద్దం ముందు పెట్టేవాడు. ఎంత పెద్దమనిషి వచ్చినా నా ముందు తల వంచాల్సిందే. బయట మీసం మెలేసేవాళ్ళు నా చుక్క మెడ మీద పడితే కెవ్వుమనడం చూసి నాలో నేను నవ్వుకునేదాన్ని. అవి నా మంచి రోజులు. అప్పుడా సంగతి తెలియలేదు.

ఒకరోజు హేమంత్ వచ్చాడు. సెల్‌ఫోన్ల షాపులో సేల్స్ కుర్రాడు, ఆపైన జంతువుల వీడియోలు పెట్టే చానెల్ ఒకటి ఉంది. క్రాపు అయ్యాక అద్దంలో తన మొహం చూసుకోవడం ఆపి నన్ను చూశాడు.

"నూకరాజు గారూ, ఆ పాత సీసా నాకిచ్చేస్తారా? మా కింగుకి కావాలి."

"కింగెవరండి బాబూ?"

"ఊసరవెల్లండి. పెంచుతున్నాను."

నూకరాజు చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఊసరవెల్లికి క్రాపు చేస్తారేంటండి?"

"కాదండీ, దీంతో నీళ్ళు పట్టాలి."

"ఆయ్, పట్టుకెళ్ళండి. మాకెలాగూ కొత్తదొచ్చింది. రంగులు మార్చేవాళ్ళ తలలు తడిపి తడిపి దీనికి అలవాటే లెండి."

షాపంతా నవ్వింది. హేమంత్ కూడా నవ్వాడు. నన్ను సంచీలో పడేసుకుని తీసుకెళ్ళాడు.

హేమంత్ ఉండేది రెండు గదుల అద్దె వాటాలో, తల్లి వరహాలమ్మతో. ముందుగదిలో కిటికీ పక్కన మనిషెత్తు జాలీ బోను. అందులో కుండీలో మందార మొక్క, అడ్డంగా కొన్ని కొమ్మలు, పైన వెచ్చదనానికి ఒక బల్బు. ఆ కొమ్మ మీద కూర్చుని ఉంది కింగు. మన చేలగట్ల మీద కనిపించే రకం కాదు, విదేశీ జాతి, కాగితాలన్నీ ఉన్నాయని హేమంత్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నెత్తి మీద టోపీలాంటి ఎముక, పట్టకారులాంటి పాదాలు. కళ్ళు మాత్రం దేని దారి దానిదే.

మొదటిసారి నన్ను మందారాకుల మీదికి నొక్కినప్పుడు అది ఒక కన్నుతో హేమంత్‌ని, ఒక కన్నుతో నన్ను చూసింది. ఆకు అంచున ఒక చుక్క వేలాడింది. కింగు మెల్లగా ఊగుతూ వచ్చి, ఆ చుక్కని నాకి, తల పైకెత్తి గుటక వేసింది. సెలూన్‌లో ఎన్ని తలలు తడిపానో, ఒక్కడూ నా నీళ్ళు తాగలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణం నుంచి ఆ జంతువంటే నాకు ప్రేమ. సిగ్గేమీ లేదు, చెబుతున్నాను.

మీకు తెలియకపోవచ్చు. ఊసరవెల్లికి నిలవ నీళ్ళు నీళ్ళలా కనబడవు. చెరువు పక్కన వదిలినా ఆకు మీది మంచుచుక్క కోసమే వెతుక్కుంటుంది. అందుకే పెంచేవాళ్ళు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆకులన్నీ తడిసేలా స్ప్రే చెయ్యాలి. రెండు పూటలా రెండు నిమిషాల పని. ఆ పని జరిగితే కింగు బతుకుతుంది, జరగకపోతే చస్తుంది. దాని బావి, దాని కుళాయి, దాని వాన అన్నీ నేనే. ఈ సంగతి హేమంత్‌కి నాకంటే బాగా తెలుసు. తెలుసన్న మాట గుర్తుంచుకోండి.

వచ్చిన మొదటి ఆదివారం హేమంత్ ఎర్రచొక్కా తొడుక్కుని, వాళ్ళమ్మ రాకుండా గది తలుపు గడియపెట్టి, ఫోన్ స్టాండుకి పెట్టి, నన్ను చేతిలోకి తీసుకున్నాడు.

"హాయ్ ఫ్రెండ్స్! ఈరోజు సోమవారం. మన కింగు దినచర్య చూద్దామా?"

పాపం వారం మర్చిపోయాడనుకున్నాను. మందారం తడిపాడు, కింగు తాగింది. చిమ్మెటలకి క్యాల్షియం పొడి అద్ది పెట్టాడు, కింగు జానెడు నాలుక విసిరి లాక్కుంది. బల్బు గురించి చెప్పాడు, బోను శుభ్రం గురించి చెప్పాడు. ఎంత ఓపిగ్గా, ఎంత ముద్దుగా చెప్పాడంటే నేనే మురిసిపోయాను. కిటికీ మూసి, చీకటి చేసి, సాయంత్రం స్ప్రే కూడా అప్పుడే కానిచ్చాడు. తరవాత లోపలికెళ్ళి పచ్చచొక్కా తొడుక్కొచ్చాడు.

"హాయ్ ఫ్రెండ్స్! ఈరోజు మంగళవారం."

అలా శనివారం దాకా, చివర్న ఆ ఆదివారానిది కూడా కలిపి, వారమంతా ఒక్క పూటలో అయిపోయింది. పచ్చచొక్కా విప్పి గళ్ళచొక్కా, గళ్ళది విప్పి కాఫీరంగుది. తుంపర మీద తుంపర పడి కింగు తడిసి ముద్దయింది. చివరికి నీళ్ళు చూస్తేనే మొహం తిప్పుకుని ఆకుల చాటుకి పోయింది. ఊసరవెల్లిలా రంగులు మారుస్తాడని మీరు ఒకరినొకరు తిట్టుకుంటారే, ఆ రోజు ఆ గదిలో రంగులు మార్చింది ఎవరో నేను కళ్ళారా చూశాను. పాపం ఆ జంతువు పొద్దుట్నుంచీ ఒక్క ఆకుపచ్చ రంగులోనే కూర్చుంది.

అసలు సోమవారం వచ్చింది. హేమంత్ లేచాడు, బోనులోకి గుప్పెడు చిమ్మెటలు విదిలించాడు, డ్యూటీకి పోయాడు. నన్ను ముట్టుకోలేదు. సాయంత్రం వచ్చాడు, బోను పక్కన మంచం మీద వాలి ఫోన్ తీశాడు. అక్కడ ఎర్రచొక్కా వీడియో బయటికి వెళ్ళినట్టుంది, కింద జనం ప్రశ్నలు అడుగుతున్నారు. చదువుకుంటూ పైకే అనుకుంటూ జవాబులు కొడుతున్నాడు. "అవును మేడమ్, రోజుకి రెండుసార్లు తప్పకుండా. ఒక్క పూట కూడా మానకూడదు." చెయ్యి చాపితే అందేంత దూరంలో నేనున్నాను, కడుపునిండా నీళ్ళతో. జాలీ అవతల కింగు ఆకులు వాసన చూసుకుంటూ తిరుగుతోంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. ఆ చెయ్యి చాపలేదు సచ్చినోడు.

మంగళవారమూ అంతే. బుధవారమూ అంతే. మళ్ళీ ఆదివారం చొక్కాలు, తుంపరలు, ముద్దుమాటలు. మళ్ళీ సోమవారం నుంచి ఎండు. వీడియోలో శుద్ధిచేసిన నీళ్ళే పోస్తున్నానని చెప్పి కుళాయి ఉప్పునీళ్ళు పోసేవాడు, నా గొంతులో తెల్లగా పొర కట్టింది. నా సంగతి సరే, నాది ప్లాస్టిక్ గొంతు. కింగుది ప్రాణమున్న గొంతు.

వరహాలమ్మ గురించి చెప్పాలి. ఆవిడకి కింగంటే చచ్చేంత అసహ్యం.

"పొద్దున్నే లేచి దీని మొహం చూడాలేంట్రా? కళ్ళు చూడు, ఒకటి తూర్పు, ఒకటి పడమర! కింగట, కింగు. నీ మొహం మండ."

"వీడియోలు చూడమ్మా, నీకే ముద్దొస్తుంది."

"ఇంట్లో కళ్ళెదురుగా ఉన్న దరిద్రాన్ని మళ్ళీ ఫోన్లో చూడాలా? నాకేం పన్లేదనుకున్నావా?"

నిజంగానే ఒక్క వీడియో చూడలేదు. కానీ ఆదివారం సాయంత్రం బకెట్ ముందు కూర్చుని గొణుక్కునేది. "ఒక్క పూటలో ఏడు చొక్కాలు నలిపేవేంట్రా? పెళ్ళికొడుకువా?" అని అరిచేది. షూటింగమ్మా, నీకు తెలీదు అనేవాడు వాడు. ఆవిడ రెక్కలు పడిపోయేలా ఉతికి, దండెం మీద వరసగా ఆరేసేది. నేను కిటికీలోంచి చూసేదాన్ని. వారం మొత్తం ఆ తాడు మీద వేలాడుతూ ఉండేది.

రోహిణి కార్తె వచ్చింది. రోళ్ళు పగిలే ఎండలు. ఆ బల్బు తనంతట తానే వెలిగే మిషనుకి తగిలించి ఉంది, అది మాత్రం క్రమశిక్షణ తప్పకుండా రోజూ కాల్చేది. కింగు పచ్చదనం పోయి మట్టిరంగుకి దిగింది. కళ్ళు లోపలికి పోయాయి. చిమ్మెట మీదికి నాలుక విసిరితే సగం దూరంలోనే వాలిపోయేది. పట్టపగలు కళ్ళు మూసుకుని కూర్చునేది. ఆదివారం వచ్చేసరికి కాస్త తాగి తేరుకునేది, వాడు కెమెరా ముందు "చూశారా ఎంత హుషారో" అనేవాడు.

ఒక మధ్యాహ్నం వరహాలమ్మ బోను ముందు ఆగింది. చాలాసేపు చూసింది. "ఎంత శనైనా ఇంట్లో ఉన్న ప్రాణి. దాహంతో చస్తే పాపం మనకే చుట్టుకుంటుంది" అనుకుంటూ లోపలికెళ్ళి, తను తాగే కుండలోంచి స్టీలు గిన్నెనిండా చల్లటి నీళ్ళు తెచ్చింది. బోను తలుపు ముందు నేను అడ్డంగా ఉన్నాను. నన్ను ఎత్తింది. ఆమె వేలు నా మీట మీద పడింది. నొక్కు తల్లీ, నొక్కు అని నా ఒళ్ళంతా అరిచింది. "వీడి తలకి కొట్టుకునే సీసా ఇక్కడెందుకు" అని నన్ను తీసి కిటికీ గూట్లో పెట్టింది. అడ్డం తొలిగాక బోను తలుపు తీసి, గిన్నె లోపల పెట్టింది.

ఆమె తప్పేముంది? మీ కులమతాలన్నిటిలోనూ దాహం వేసినవాడికి గిన్నెతోనే నీళ్ళిస్తారు. ప్రాణమున్నది ఏదైనా గిన్నెలో నీళ్ళు తాగుతుందనే ఆమె నమ్మకం. ఇంట్లో తెలిసినవాడేమో చెయ్యడు, చేసే మనిషికేమో తెలియదు. మధ్యలో నేను నిండుగా, మూగగా.

ఆనాటి నుంచి రోజూ మధ్యాహ్నం గిన్నె మార్చేది. కింగు గిన్నె పైనే కొమ్మ మీద కూర్చుని ఉండేది, వంగేది కాదు. ఆవిడకి రోషం వచ్చేసేది.

"తాగవేంటే? పొగరా? మేం తాగే నీళ్ళు నీకు ఆనవా? ఓసి నీ అసాధ్యం కూలా!"

తిట్టి, పారబోసి, మళ్ళీ చల్లవి పోసేది.

ఒక బుధవారం పొద్దున్న వచ్చేసరికి కింగు కొమ్మ మీద లేదు. గిన్నె పక్కన పడి ఉంది, తోక గిన్నె అంచుకి ఆనుకుని. వరహాలమ్మ పుల్లతో కదిపింది. తరవాత పుల్ల పారేసి చేత్తో ముట్టుకుంది. అసహ్యపడే ఆ జంతువుని ఆవిడ చేత్తో ముట్టుకోవడం అదే మొదటిసారి. షాపుకి ఫోన్ చేసింది.

"ఒరే, ఇది పోయిందిరా."

అవతల మాటలు గదిలోకి వినబడ్డాయి. "ఎవరికీ చెప్పకమ్మా! పక్కింటివాళ్ళక్కూడా చెప్పకు. శనివారం దాకా వీడియోలు తీసి పెట్టేశాను. ఇంకోదానికి చెప్తాలే, సేమ్ సైజు."

ఆవిడ ఫోన్ పెట్టేసింది. పాత తువ్వాలులో చుట్టి, పెరట్లో నందివర్ధనం మొదట్లో పాతిపెట్టింది. గిన్నె తోమి బోర్లించింది.

మర్నాడు పక్కింటి మంగతాయారు ఫోన్ పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"వదినా, మీ కింగు ఇవాళ ఎంత బావుందో! ఆకు మీద నీళ్ళు ఎలా నాకుతోందో చూడు."

"ఇవాళేంటి?"

"ఇవాళే. ఇదిగో, గురువారం అంటున్నాడుగా అబ్బాయి."

ఫోన్‌లో కాఫీరంగు చొక్కాలో హేమంత్. చేతిలో నేను. వరహాలమ్మ చొక్కా వైపు చూసింది. "అది మొన్న ఆదివారం ఉతికేనే. ఇవాళ వాడు తెల్లచొక్కాతో వెళ్ళేడు" అంది మెల్లగా. అప్పుడే ఆవిడకి ఏడు చొక్కాల లెక్క తెగింది. ఫోన్ లోపల వాడు తియ్యగా చెబుతున్నాడు.

"ఫ్రెండ్స్, చాలామంది చేసే తప్పేంటంటే గిన్నెలో నీళ్ళు పెట్టడం. ఊసరవెల్లి నిలవ నీళ్ళని గుర్తుపట్టదు. పక్కన గిన్నెడు నీళ్ళున్నా దాహంతో చచ్చిపోతుంది. అందుకే రోజుకి రెండుసార్లు, ఇదిగో, ఇలా ఈ స్ప్రేతో…"

తెర మీద చచ్చిపోయిన కింగు చుక్కని నాకి, తల ఎత్తి గుటక వేసింది. మంగతాయారు "బంగారుకొండ" అంది. వరహాలమ్మ తల తిప్పి కిటికీ గూట్లో ఉన్న నన్ను చూసింది. అంతకుముందు నన్ను ఎత్తింది, జరిపింది, తుడిచింది. చూడటం మాత్రం అదే మొదలు.

సాయంత్రం వాడు చెప్పులు విప్పుతుండగానే అడిగింది.

"నీకు తెలుసునా?"

"ఏంటమ్మా?"

"గిన్నెలో తాగదని. తెలుసునా నీకు?"

"తెలుసమ్మా. వీడియోలో చెప్పేనుగా."

"నాకు చెప్పేవా?"

"నువ్వడగలేదు."

"రోజూ ఆ గిన్నె చూస్తన్నావు కదరా! దాటుకుని పోతన్నావు కదరా!" ఆవిడ తోమి బోర్లించిన గిన్నె వైపు వేలు చూపింది. "దాని ముందు కూచుని తిట్టేన్రా. పొగరని తిట్టేను. అది దాహంతో చస్తంటే పొగరే అన్నాను. ఆ పాపం నా నెత్తిన రుద్దేవు కదరా నువ్వు!"

వాడు ఫోన్ వైపు చూసుకున్నాడు. "అబ్బా, ఒక తొండ కోసం అంత సీన్ ఏంటమ్మా? ఆదివారం కొత్తది వస్తోంది. ఎవడూ కనిపెట్టలేడు."

నాకు చేతులుంటే ఆ రోజు ఏం చేసేదాన్నో చెప్పను. వరహాలమ్మకి చేతులున్నాయి, అయినా కొట్టలేదు. కళ్ళు తుడుచుకుని, నన్ను తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఇత్తడి చెంబులు తోమే చింతపండు పిసికి, ఆ రసంలో నా మూతి నానబెట్టింది. గొంతులో ఉప్పు పొర ఊడింది. తాగే కుండలోని నీళ్ళు నింపి గోడ మీదికి నొక్కి చూసింది. తుంపర సన్నగా వచ్చింది.

శుక్రవారం, శనివారం వీడియోలు వాటి మానాన అవి వచ్చాయి. చచ్చిన కింగు రెండు రోజులూ హుషారుగా నీళ్ళు తాగింది.

ఆదివారం పొద్దున్నే కొత్తది వచ్చింది. దానికీ కింగు అనే పేరు. దారి బడలికతో నల్లబడి, బోను మూల బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. హేమంత్ స్టాండు నిలబెట్టి, ఫోన్ బిగించి, బీరువా దగ్గరికెళ్ళాడు. తెరుచుకోలేదు. దండెం చూశాడు, ఖాళీ.

"అమ్మా! చొక్కాలేవి?"

వరహాలమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. బీరువా తాళంచెవి బొడ్లో ఉంది. "కొన్ని నానేసేను. కొన్ని బీరువాలో ఉన్నాయి."

"షూటింగుందమ్మా! తాళం ఇయ్యి."

"రోజుకొక్కటి ఇస్తాను. సోమవారం చొక్కా సోమవారం. మంగళవారం చొక్కా మంగళవారం. పొద్దున్న దానికి నీళ్ళు కొట్టేక ఇస్తాను, నేను చూసేక."

"పిచ్చెక్కిందా నీకు? డ్యూటీ ముందు వీడియో ఎలా తియ్యనే?"

"లేచి తియ్యి."

"కొత్తవి కొనుక్కుంటాను!"

"కొనుక్కో. అవీ నేనేగా ఉతికేది."

"బనీనుతో తియ్యమంటావా?"

"తియ్యరా. జనానికి నీ అసలు రంగు తెలుస్తాది."

వాడు అరిచాడు, స్టాండు తన్నాడు, అన్నం మానేశాడు. సాయంత్రానికి ఆకలేసి తిన్నాడు. ఆవిడ తాళంచెవిని కాపాడుకోవడానికి దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదు, ఆ అవసరం రాలేదు. ఈలోగా రెండు పూటలా నన్ను ఎత్తి మందారం తడిపింది తనే. మొదటిసారి గురి తప్పి నీళ్ళు గోడ మీద పడ్డాయి.

సోమవారం పొద్దున్న హేమంత్ నిద్రమొహంతో, బనీనుతో బోను ముందు నిలబడి నన్ను అందుకున్నాడు. కెమెరా లేదు. ముద్దుమాటల్లేవు. పళ్ళు కొరుకుతూ నొక్కాడు. తుంపర ఆకుల నిండా పరుచుకుంది. కొత్త జంతువు చాలాసేపు కదల్లేదు. తరవాత ఒక కన్ను చుక్క మీదికి తిరిగింది. ఊగుతూ ఊగుతూ వచ్చి నాకింది. గుమ్మంలో వరహాలమ్మ మోచేతి మీద మడతపెట్టిన ఎర్రచొక్కాతో నిలబడి, అది గుటక వేసేదాకా ఆగి, అప్పుడు చొక్కా ఇచ్చింది.

ఇప్పటికీ అలాగే జరుగుతోంది. పొద్దుటి పూట వాడు, సాయంత్రం ఆవిడ. ఆవిడకి ఆ జంతువు మీద అసహ్యమేమీ పోలేదు. "చూడు, చూపు చూడు, ఏదో నా ఆస్తి రాయించుకున్నట్టు. తాగు. ఆ పై ఆకు మీద కూడా కొట్టేను, కనబడ్డం లేదా?" అని తిడుతూనే తడుపుతుంది. అప్పుడప్పుడు నన్ను పట్టుకుని పెరట్లోకి కూడా వెళుతుంది. నందివర్ధనం ఆకుల మీద రెండుసార్లు నొక్కి, మాట్లాడకుండా తిరిగి వస్తుంది. అక్కడ తాగేవాళ్ళెవరూ లేరని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

ఏదో రోజు నా మీట విరుగుతుంది, పాత సామాన్ల బండి మీదికి పోతాను. నాకు బెంగ లేదు. హేమంత్ మీద కోపం మాత్రం నాతోనే వస్తుంది. ఆ గురువారం వీడియో ఇంకా అక్కడే ఉంది, కాఫీరంగు చొక్కా, చేతిలో నేను, ఆకు అంచున చుక్క, గుటక వేస్తున్న పాత కింగు. లక్షమంది చూశారట. మీరూ చూసే ఉంటారు, బంగారుకొండ అనుకుని లైకు కొట్టే ఉంటారు. దానికి మీ వేలికి ఎంత బలం పట్టిందో గుర్తుందా? నా మీటకి కావలసిందీ అంతే.